జర్మను ఊళ్లో విప్పిన బూట్లు

నవంబరు 22, 2014. ఇర్వింగ్, టెక్సాస్.

దెబోరా పనిచేసే డయాలసిస్ సెంటర్లో ఎవరో ఈ డైరీ పంచారట. ప్రతి పేజీ మూలలోనూ ఒక కిడ్నీ బొమ్మ, చిక్కుడు గింజలా ఉంది. "బోర్ కొడితే రాసుకో నాన్నా" అని నా ఒళ్లో పడేసి డ్యూటీకి పోయింది. నా కూతురికి మాట తక్కువ, పని ఎక్కువ. అల్లుడు వినయ్ కుమార్ పైగదిలో కంప్యూటరుతో మాట్లాడుతుంటాడు. మనవరాలు అబిగేల్ మూడో తరగతి. మధ్యాహ్నం మూడింటిదాకా ఈ ఇంట్లో నేనూ, ఫ్రిజ్జూ. ఫ్రిజ్జే నయం, అప్పుడప్పుడూ గుర్రుమంటుంది.

ముప్ఫై నాలుగేళ్లు భీమవరం డిపోలో కండక్టరుగా చేశాను. రోజుకి అయిదారొందల మందితో గొడవ పడేవాణ్ణి. ఇక్కడ గొడవకి ఒక్కడు దొరకడు. అందరూ సారీ అంటారు. గొడవ అక్కడే చచ్చిపోతుంది.

కుడికాలి నాలుగో వేలికి చిన్న పుండు. కొత్త బూట్లు కరిచాయి. ఏం లేదు.

నవంబరు 24

దెబోరా వారానికోసారి నా కాళ్లు చూస్తుంది. షుగరున్నవాడి మొహం కన్నా ముందు కాళ్లు చూడాలట. రోజంతా షుగరు ముదిరినవాళ్ల రక్తం కడిగే పని కదా, ఇంటికొచ్చినా దానికి అదే లోకం.

ఇవాళ పన్నెండు గంటలు నిలబడి వచ్చింది. కళ్లు మూతలు పడుతున్నాయి. నేను సోఫాలో దుప్పటి కప్పుకుని ఎడమకాలు బయటికి పెట్టాను. వేళ్ల సందుల్లో చూసింది, మడమ నొక్కింది.

"సరే, రెండోది."

దుప్పట్లో కాసేపు దొర్లి, అటు తిరిగి పడుకుని, మళ్లీ ఎడమకాలే పెట్టాను. దాన్నీ అంతే శ్రద్ధగా చూసింది.

"రెండూ బాగున్నాయి నాన్నా."

ఒకే టిక్కెట్టు మీద ఇద్దరు ప్రయాణం చేస్తే మూడు సీట్ల అవతల నుంచి పట్టేసేవాణ్ణి. ఇప్పుడు ఒకే కాలు మీద రెండు చెకింగులు దాటించాను. నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాను. దగ్గు మందు తాగించింది.

నవంబరు 27

థ్యాంక్స్‌గివింగ్. బాతుకి ఎక్కువ, మేకకి తక్కువ ఒక కోడిని పొద్దున్నించీ కాల్చారు. గడ్డి రుచి. నేను ఆవకాయతో సరిపెట్టాను.

మా తెలుగు చర్చి నుంచి మల్లికార్జునరావు వచ్చాడు. రిటైర్డ్ తహసీల్దారు, కొడుకు దగ్గరుంటాడు. చర్చి పెద్ద. ఆయన ప్రార్థన మొదలుపెడితే అన్నం చల్లారిపోతుంది, అందుకే ఆయన వస్తే దెబోరా మైక్రోవేవ్ ఖాళీగా ఉంచుతుంది.

"వందనాలు బ్రదర్ రత్నరాజు గారూ. ఇరవయ్యో తారీఖు సెమీ క్రిస్మస్‌కి క్రిస్మస్ తాత ఎవరనేది కమిటీ ఇంకా తేల్చలేదండి."

"తేల్చడానికేముందండి. భీమవరం లూథరన్ గుడిలో ముప్ఫై ఒక్క ఏళ్లు నేనే తాతని. మాస్కు కూడా తెచ్చుకున్నాను."

"అనుభవం ఉందనుకోండి. కానీ డప్పు కొడుతుంటే గుమ్మం దగ్గర్నుంచి స్టేజి దాకా గెంతుకుంటూ రావాలి. మీకు షుగరు కదా, కాళ్లవీ..."

"నా కాళ్లకేమైందండి?"

"ఏమీ కాలేదనుకోండి. అమెరికాలో తాత హో హో హో అనాలి. నేను నెల రోజులుగా ప్రాక్టీసు చేస్తున్నాను." అని చేసి చూపించాడు. ఉబ్బసం వచ్చిందనుకుని అబిగేల్ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అల్లుడు చర్చి సెక్రటరీ. మల్లికార్జునరావు వెళ్లాక నాతో అన్నాడు. "మావయ్యా, మీ పేరే రాస్తాను. పదిహేనో తారీఖున రిహార్సల్. అక్కడ మీరు ఒక రౌండ్ డాన్స్ చేసి చూపిస్తే చాలు, ఎవరూ మాట్లాడరు."

ఒకటేంటి, పది రౌండ్లు చేస్తాను.

నవంబరు 30

వేలు బాగుంది. రంగు మారిందంతే. చలిదేశం కదా.

డిసెంబరు 1

వేలు బాగుంది.

డిసెంబరు 2

అబిగేల్ పౌడరు డబ్బా సగమైపోయింది. ఎవరు వాడారని దెబోరా అడిగింది. నేను అల్లుడి వైపు చూశాను. పాపం, ఆయన కూడా తనమీద తనే అనుమానపడ్డాడు.

మేజోడు మీద మేజోడు వేస్తున్నాను. వాసన రావట్లేదు. నాకు రావట్లేదు.

డిసెంబరు 3

శనివారం నాడు జర్మను ఊరికి తీసుకెళ్తాడట అల్లుడు. ఇక్కణ్ణించి దక్షిణంగా కారులో అయిదు గంటలు. నూట అరవై డెబ్బయ్యేళ్ల కిందట జర్మనీ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరట. క్రిస్మస్ నెలంతా వాళ్ల దేశంలోలాగే బజారు పెడతారట. ఊరి పేరు చెప్పాడు. నోట్లో చల్లపుణుకు పెట్టుకుని తుమ్మినట్టుంది. నేను జర్మను ఊరనే అంటాను.

"చాలా నడవాలి. నడవగలవా నాన్నా?" అంది దెబోరా.

"నువ్వు అలిసిపోతే నిన్నెత్తుకుని నడుస్తాను."

లూథరు గారిది జర్మనీయే కదా. మా తాతలకి ఆయన మతం తెచ్చిచ్చినవాళ్లూ ఆ తట్టువాళ్లే. మా గుడి గంట మీద కూడా ఏవో జర్మను అక్షరాలుండేవి. అంటే మా పెద్దవాళ్ల పుట్టింటికి పోతున్నట్టే. పుట్టింటివాళ్లు ఏం పెడతారో చూడాలి.

డిసెంబరు 4

మా ఆవిడ ప్రసూన సంగతి ఈ డైరీలో రాయకూడదనుకున్నాను.

ఆవిడకీ వేలే. ముందు వేలన్నారు. తర్వాత పాదమన్నారు. తర్వాత మోకాలన్నారు. అన్నింటికీ సంతకం నేనే పెట్టాను. అప్పుడు దెబోరాకి ఇక్కడ వీసా కాగితాలేవో పెండింగు, రావడానికి లేకపోయింది. ఫోన్లో "ఎలా ఉంది నాన్నా" అని అడిగితే నేను

అల్లుడు టీకి పిలుస్తున్నాడు.

డిసెంబరు 5

రేపే జర్మను ఊరు. మూడు మేజోళ్లు వేస్తే బూటు పట్టట్లేదు. రెండే వేస్తాను.

డిసెంబరు 7, ఆదివారం. ఆస్పత్రి.

నిన్నటిది మొత్తం రాస్తాను. ఇక్కడ వేరే పనేం లేదు. టీవీలో ఎవడో కేకు మీద కేకు పెడుతున్నాడు.

పొద్దున్నే వ్యానెక్కాం. అందరూ ఎక్కారా లేదా అని రెండుసార్లు తలలు లెక్కబెట్టి "రైట్ రైట్" అన్నాను. దారిలో అబిగేల్ నాకు జర్మను క్రిస్మస్ గురించి పాఠం చెప్పింది. దాని తెలుగు టెక్సాస్ ఎండకి కొంచెం కరిగి ఉంటుంది, పది దాకా లెక్కపెడితే ఏడు ఎప్పుడూ ఎగిరిపోతుంది. "తాతా, దే హావ్ ఎ వేరే శాంటా. నేమ్ నికొలాస్. హీ కమ్స్ టుడే."

"మల్లికార్జునరావుతో కలిపి ముగ్గురా? పోటీ ఎక్కువైపోయింది."

ఊరు బాగుంది. రాతి ఇళ్లు, చెక్క దుకాణాలు వరసగా, ప్రతిదానికీ పచ్చ తోరణం. బజారు మధ్యలో తాటిచెట్టంత చెక్క గోపురం, పైన గాలిమర రెక్కలు తిరుగుతుంటే అంతస్తుల్లో జ్ఞానులూ ఒంటెలూ గుండ్రంగా తిరుగుతున్నాయి. ఒంటెలు జ్ఞానుల్ని ఎప్పటికీ అందుకోలేవు. మా డిపోలో ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లాగ. బ్యాండువాళ్లు పెద్ద పెద్ద ఇత్తడి బాకాలు ఊదుతున్నారు. డిసెంబరు చలిలో మోకాళ్లు కనిపించేలా తోలు నిక్కర్లు. "మావయ్యా, అలా వేలు పెట్టి చూపించకండి" అన్నాడు అల్లుడు. వాళ్లు చూపించుకోగా లేంది నేను చూపిస్తే తప్పా.

ఒక దుకాణంలో పళ్లతో గింజలు కొరికే కొయ్య సిపాయిలు. అన్నింటికీ మల్లికార్జునరావు దవడే. ఇంకో చోట పూసలూ అద్దాలూ అమ్మే ముసలావిడతో ఇంగ్లీషులో మాట్లాడాను.

"మేడమ్, ఐ యామ్ లూథరన్. ఇండియా, భీమవరం. యువర్ ఫాదర్స్ సెండ్ మిషనరీ. నౌ ఐ కమ్ చెకింగ్."

అల్లుడు ఏదో మెత్తగా తిరగేసి చెప్పాడు. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని గంట బొమ్మ ఒకటి ఊరికే ఇచ్చింది. నేను చెప్పింది అల్లుడు చెప్పలేదని తెలుస్తూనే ఉంది. చెప్పి ఉంటే రెండు ఇచ్చేది.

తర్వాత వేడి వైను దుకాణం. లవంగం, దాల్చినచెక్క, నారింజ తొక్క వేసి డేగిసాలో కాస్తున్నారు. వాసనకే జలుబు వదిలింది.

"అది మనకొద్దు మావయ్యా" అన్నాడు సెక్రటరీ గారు.

"కానా ఊరి పెళ్లిలో ఏసుప్రభువు నీళ్లని ఏం చేసి పంచాడు అల్లుడు గారూ, రస్నానా?"

ఆయన సమాధానం వెతుక్కునేలోపు సగం తాగేశాను. మిగతా సగం ఆయనకిచ్చాను. చుట్టూ చూసి, తెలుగువాళ్లెవరూ లేరని నమ్మకం కుదిరాక, గటగటా తాగేశాడు. ఎంత మంచి అల్లుడో నిన్ననే తెలిసింది.

అప్పుడు దెబోరా, అబిగేల్ తేనె రొట్టెల వరసలో ఉన్నారు. వాళ్లొచ్చేదాకా కాసేపు కూర్చోమని అల్లుడు నన్ను గుడి వైపు పంపాడు. బజారు పక్కనే రాతి గుడి, లూథరన్లదే. గుమ్మం మెట్ల మీద బూట్లు వరసగా విడిచి ఉన్నాయి. పిల్లలవీ, పెద్దవాళ్లవీ. ప్రాణం లేచొచ్చింది. అమెరికా వచ్చాక చూసిన ప్రతి గుడిలోనూ బురద బూట్లతో బల్లల మధ్య నడిచేవాళ్లే. ఎంతైనా అసలు లూథరన్లు, మర్యాద తెలిసినవాళ్లు అనుకున్నాను.

బూట్లు విప్పేశాను.

అరవై ఏళ్లుగా గుడి గుమ్మం కనబడితే కాళ్లే విప్పేస్తాయి, నన్నడగవు. వేలి సంగతి నాకు గుర్తే లేదు. నొప్పుంటే కదా గుర్తుండటానికి.

లోపల తెల్లటి రాతి నేల. చల్లగా ఉందో లేదో కాలికి తెలియలేదు. ముందు వరసలో కూర్చున్నాను. ఆర్గన్ మీద ఎవరో క్రిస్మస్ పాట వాయిస్తున్నారు. మా గుడి పాటే. భీమవరంలో ప్రతి డిసెంబరూ ప్రసూన ఆడవాళ్ల వైపు నుంచి శ్రుతి తప్పి, గొంతు మాత్రం తగ్గించకుండా పాడేది. ఆ రాగం మాదే అనుకునేవాణ్ణి. ఇక్కణ్ణించి వచ్చిందా. నేను తెలుగు మాటలతో అందుకున్నాను, గట్టిగానే. నలుగురు తిరిగి చూశారు. చూడనీ, పుట్టింటికొచ్చాను.

మూడో చరణంలో ఒకావిడ నేల వైపు చూపిస్తూ పక్కావిడతో ఏదో అంది. చూస్తే తెల్లరాయి మీద గుమ్మం దగ్గర్నుంచి ఎర్రటి మచ్చలు. అడుగుకొకటి. అయ్యో, పాపం ఎవరికో దెబ్బ తగిలిందని నేను కూడా అందరితో పాటు చుట్టూ చూశాను. నా పక్కన ఒక ముసలాయన ఉన్నాడు, ఆయన కాళ్ల వంక కూడా వంగి చూశాను. ఆయనకి బూట్లున్నాయి.

గుడిలో అందరికీ బూట్లున్నాయి.

దెబోరా వచ్చింది. మచ్చల వెంబడే వచ్చింది.  నా ముందు నేల మీద మోకాళ్లూని మేజోళ్లు ఒకదాని తర్వాత ఒకటి తీసింది. పౌడరు ముద్దలు ముద్దలుగా రాలింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఇప్పుడే. ఈ బల్ల కోడు తగిలింది."

"నాన్నా. ఎన్నాళ్ల నుంచి?"

"మీ కోడిని కాల్చిన వారం."

"నొప్పి ఉందా?"

"అస్సలు లేదమ్మా. అందుకేగా చెప్పలేదు."

అది నా పాదం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆర్గన్ ఇంకా మోగుతోంది.

"అమ్మకి కూడా నొప్పి లేదు" అంది.

ఆ తర్వాత బ్యాగులోంచి గుడ్డ తీసి కట్టు కట్టింది.  నేను మాట్లాడకపోవడం చూసి అది భయపడినట్టుంది, ఒకసారి తలెత్తి చూసింది.

బయటికొస్తే నా బూట్లు రెండింటి నిండా చాక్లెట్లు, నారింజకాయలు, అక్రోటు కాయలు. మెట్ల మీద అందరి బూట్లలోనూ అంతే. నికొలాస్ రోజున బూటు బయట పెడితే ఆయన మిఠాయి నింపుతాడట, అదీ ఆ ఊరి ఆచారం. గుడికీ దానికీ సంబంధం లేదు. మర్యాద మొత్తం ఆ ఊళ్లో నాదొక్కడిదే.

"తాతా, యూ ఆర్ సపోజ్డ్ టు పుట్ అవుట్ వన్ షూ. నువ్వు రెండు పెట్టావ్. దట్స్ చీటింగ్" అంది అబిగేల్.

బూటు తొడగడానికి లేదు. వ్యానుదాకా అల్లుడు నన్ను వీపు మీద మోశాడు. నిక్కర్లవాళ్లు బాకాలు ఆపి దారిచ్చారు. కొయ్య సిపాయిల దుకాణం దగ్గర "ఇక్కడ స్టాపు లేదు, పోనివ్వండి" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

డిసెంబరు 8

ఎముకదాకా పాకిందట. డాక్టరు కుర్రదానిలా ఉంది. వేలు ఖాయంగా తీసెయ్యాలంది. మిగతాది కోసి చూశాక.

"మిగతాది అంటే ఏది?" అని దెబోరానడిగాను. అది కాగితం తీసి ఒక్కొక్క లైనూ తెలుగులో చదివింది. ఆరో లైనులో ఉంది. అవసరమైతే ఇంకా పైకి.

"నేను పెట్టను సంతకం."

"నాన్నా, ఆలస్యమైతే..."

"వేలికి పెడతాను. ఆ లైను కొట్టించు."

"అలా కొట్టరు నాన్నా ఇక్కడ."

"మీ అమ్మకీ ఇలాగే ఒక్కొక్క లైనే పెట్టాను. మూడుసార్లు."

"ఆ సంతకాలు పెట్టకపోతే అమ్మ ఆ ఏడాది కూడా ఉండేది కాదు."

"ఆ ఏడాదీ ఆవిడ నాతో మాట్లాడలేదు."

ఇది దానికి తెలియదు. ఫోన్లో ఎప్పుడూ అమ్మ పడుకుందనే చెప్పేవాణ్ణి. పదకొండు నెలలు పడుకోబెట్టాను దాని అమ్మని.

 దెబోరా కాగితం పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"నేను మాట్లాడతాను. కాలు తీసినా మాట్లాడతాను. నువ్వు ఆపమన్నా ఆపను. సరేనా?"

"నీకు మాటలొచ్చా?"

"నేర్చుకుంటా."

పెట్టాను.

డిసెంబరు 9. పొద్దున.

ఇంకో గంటలో తీసుకెళ్తారు. మల్లికార్జునరావు వచ్చి ప్రార్థన చేశాడు. నర్సు రెండుసార్లు తలుపు తీసి చూసింది, మూడోసారి ఆమెన్ దొరికింది. ఇంటినుంచి తెప్పించి దిండు పక్కన పెట్టుకున్న క్రిస్మస్ తాత మాస్కు ఆయనకిచ్చేశాను.

"లేదండి బ్రదర్, రిహార్సల్ వాయిదా వేయిద్దాం."

"తీసుకోండి. హో హో మానేయండి, పిల్లలు జడుసుకుంటారు. డప్పు మీద రెండు దెబ్బలకొక గెంతు. ఎడమకాలితో మొదలుపెట్టాలి."

ఆయన మంచం పక్కన గెంతి చూపించాడు. డెబ్బయ్యేళ్ల తహసీల్దారు, మాస్కు పెట్టుకుని. మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ చేశాడు. వెళ్లేటప్పుడు మాస్కు తియ్యలేదు. లోపల ఏడుస్తున్నాడని నాకు తెలుసు.

డిసెంబరు 10

మెలకువ వచ్చింది. కుడికాలు ఉన్నట్టు లేదు. లేనట్టూ లేదు. మత్తుమందట. దుప్పటి మెడదాకా కప్పారు.

"ఒక్క వేలే నాన్నా. పాదం బాగుంది" అంది దెబోరా.

నర్సులు అలాగే చెప్తారు. మొగుళ్లూ అలాగే చెప్తారు. భీమవరం ఆస్పత్రిలో ప్రసూన దుప్పటి ఎత్తడానికి భయపడి నన్ను చూడమంది. నేను ఎత్తి చూశాను. చూసి, "వేలే ప్రసూనా, ఏం లేదు" అన్నాను. మధ్యాహ్నం ఆవిడే ఎత్తి చూసుకుంది.

అల్లుణ్ణి అడిగాను. ఆయన కూడా వేలే అన్నాడు. ఆయన మంచివాడు, అందుకే నమ్మకూడదు.

సాయంత్రం బడి నుంచి అబిగేల్ వచ్చింది. దాన్ని దగ్గరికి పిలిచాను. ఈ ఇంట్లో అబద్ధం ఆడటం ఇంకా రానిది అదొక్కటే, నేను ఎంత నేర్పినా.

"నా కాళ్ల వేళ్లు లెక్కపెట్టి చెప్పు. తెలుగులో."

"తెలుగులోనా? ఓకే." దుప్పటి ఎత్తింది. నేను పైకప్పు చూస్తూ పడుకున్నాను.

ఎడమకాలి మీద వేలు పెట్టి మొదలుపెట్టింది. తగులుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆగింది. మంచం చుట్టూ అటువైపు వెళ్లింది. బూటు చప్పుడు వినిపించింది. ఇంక నాకేమీ తగలలేదు.  దెబోరా నా చెయ్యి పట్టుకుంది.

"తాతా, బిగ్ బ్యాండేజ్ ఉంది. వేళ్లు బయటికి ఉన్నాయ్."

"లెక్కపెట్టు."

"ఆరు" అంది. "ఎనిమిది. తొమ్మిది. పది."

దెబోరా నోరు తెరిచింది. నేను దాని చెయ్యి నొక్కాను.

"పదీ ఉన్నాయా?"

"యా. పది."

మళ్లీ లెక్కపెట్టమన్నాను. మళ్లీ పదే వచ్చాయి.